జీపు గీకితే చరిత్ర రాలింది

పోయిన వేసవిలో మా పెదనాన్న జీపు నా చేతికొచ్చింది. "నేనింక తోలలేనురా, నువ్వు తీసుకుపో. లేదంటే పాతసామాన్లోడికి ఇచ్చేస్తా" అన్నాడు. ఆ బెదిరింపుకి లొంగిపోయి ఖమ్మం నుంచి హైదరాబాదు దాకా తోలుకొచ్చాను. పాత మహీంద్రా సీజే-3బి. ఇంజను ఇంకా గుండ్రాయిలా ఉంది. పైన రంగు సంగతే చెప్పుకోకూడదు. మెరూన్ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, ఫుట్‌బోర్డు దగ్గర తుప్పు తొంగిచూస్తూ, మొత్తానికి గోడకి అంటించిన పాత సినిమా పోస్టర్లా తయారైంది.

షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రీ చుట్టూ తిరిగి, గోరుతో ఓ పెచ్చు లేపి చూసి, "పైన కొట్టుడు కాదు సార్, రేకు దాకా గీకాలె" అని 65 వేలు చెప్పాడు. నేను అదిరిపడి, ఆ డబ్బుతో ఏమేం కొనుక్కోవచ్చో ఇంటికొచ్చేదాకా లెక్కేసుకున్నాను. ఇంతలో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకుండే పాత జబ్బు బయటపడింది. "ఆ... ఇదెంతసేపు? మనమే చేసేద్దాం, ఓ వీకెండు పని!" ఎస్టిమేషన్లు ఎందుకు తప్పుతాయో పద్నాలుగేళ్ళుగా మీటింగుల్లో వింటూనే ఉన్నా, బుద్ధి రాలేదు :)

వీకెండు కాస్తా మూడు నెలలైంది. కానీ ఈ మూడు నెలల్లో గీకుతున్నకొద్దీ ఒక్కో పొరా బయటికొచ్చి, ఒక్కో పొర వెనకా ఒక్కో కథ కనపడింది. పైన మెరూన్. దాని కింద తెలుపు. దాని కింద నీలం. దాని కింద మిలట్రీ ఆకుపచ్చ. అన్నిటికీ అడుగున ఎర్రటి రెడాక్సైడు, ఆపైన రేకు. ఎవడూ డాక్యుమెంటేషన్ రాయని పాత కోడు లాంటిదే ఇదీ. కమిట్ మెసేజీలు ఉండవు, మార్పులు మాత్రం అన్నీ అలాగే ఉంటాయి. ఆ మెసేజీలు వెతికి పట్టుకునే ప్రయత్నమే ఈ టపా.

అసలు జీపు పుట్టుకలోనే రంగు గొడవుంది. 1940 జులైలో అమెరికన్ సైన్యం 135 కంపెనీలకి ఉత్తరాలు రాసింది. తేలికపాటి నాలుగు చక్రాల డ్రైవు బండి కావాలి, నమూనా 49 రోజుల్లో ఇవ్వాలి అని. (మన క్లయింట్లే నయం.) నిజంగా ముందుకొచ్చినవి బాంటమ్, విల్లీస్ అనే రెండు చిన్న కంపెనీలు. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు గీసిన బాంటమ్ నమూనా 1940 సెప్టెంబరు 23న గడువు లోపలే సైన్యం ముందు నిలబడింది. ఫోర్డు తర్వాత చేరింది.

విల్లీస్ బండిలో ఇంజను అందరికన్నా బలమైనది, 60 గుర్రాల శక్తి. చిక్కల్లా బరువు. సైన్యం చివరికి పెట్టిన పరిమితి 2160 పౌన్లు, అంటే 980 కిలోలు. విల్లీస్ ఛీఫ్ ఇంజనీరు బార్నీ రూస్ ఇంజను మార్చడానికి ఒప్పుకోలేదు. బండి మొత్తం విప్పించి, బోల్టుల్లో అక్కర్లేని పొడుగు కోయించి, రేకు మందం తగ్గించి, గ్రాము గ్రాము లెక్కేశాడు. ఆఖరికి రంగు రెండు పూతలు వేస్తే బరువు దాటిపోతుందని ఒక్క పూతతో సరిపెట్టారని జీపు అభిమానులు చెప్పుకునే కథ. కథలో ఉప్పూకారం ఎంతున్నా గానీ, రంగుకీ బరువుంటుందన్నది మాత్రం నిజం. నా జీపు నుంచి నేను గీకిపారేసిన రంగూ లప్పమూ కలిపి రెండు బకెట్లు నిండాయి మరి.

యుద్ధం అయ్యేసరికి విల్లీస్, ఫోర్డు కలిసి దాదాపు ఆరున్నర లక్షల జీపులు చేశాయి. దాదాపు అన్నిటికీ ఒకటే రంగు, ఆలివ్ డ్రాబ్. నలుపులో పసుపు కలిపితే వచ్చే మట్టి ఆకుపచ్చ. మెరుపు ఉండకూడదు. ఎండకి బానెట్టు తళుక్కుమంటే పైనున్న విమానానికి చిరునామా ఇచ్చినట్టే కదా.

ఇక్కడ నాకు భలే నచ్చిన కాకతాళీయం ఒకటుంది. విల్లీస్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు ఒహాయో రాష్ట్రంలోని టొలీడో. అదే ఊళ్ళో అంతకు యాభై ఏళ్ళ ముందు ఆలెన్ డెవిల్బిస్ అని ఓ గొంతు డాక్టరు ఉండేవాడు. రోగుల గొంతులోకి మందు పిచికారీ చెయ్యడానికి 1880ల చివర్లో రబ్బరు బుడ్డి ఉన్న ఒక చిన్న పరికరం తయారుచేశాడు. ఆయన కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు కొట్టే గన్ను చేశాడు. ఇవాళ ఏ షెడ్డులో చూసినా బుస్సుమంటూ వినపడేది ఆ గొంతు మందు పిచికారీ మనవడే. ఊపిరి బాగుచెయ్యడానికి పుట్టిన పరికరం తర్వాత ఊపిరితిత్తుల్ని ఏం చేసిందన్నది వేరే కథ. దానికి తర్వాత వస్తాను.

సరే, ఆకుపచ్చ మన దేశానికెలా వచ్చింది? యుద్ధం అయిపోయాక వాడేసిన మిలట్రీ జీపులు ప్రపంచమంతా కుప్పలుతెప్పలుగా మిగిలాయి. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ దేశ విభజన తర్వాత 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ మహమ్మద్, అంటే మాలిక్ గులామ్ మహమ్మద్, పాకిస్తాన్ వెళ్ళి మొదటి ఆర్థిక మంత్రీ, ఆ తర్వాత గవర్నర్ జనరలూ అయ్యాడు. ఇక్కడున్న కంపెనీ 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని ముంబయిలో బిగించడం మొదలుపెట్టింది. 1953లో అమెరికాలో వచ్చిన సీజే-3బి మోడల్ని లైసెన్సు మీద ఇక్కడే తయారుచేసి, విల్లీస్ వాళ్ళు 1968లో దాన్ని ఆపేశాక కూడా ఆ బాడీనే రకరకాల పేర్లతో దశాబ్దాలపాటు నడిపించింది.

అన్నట్టు, స్వతంత్ర భారతంలో జనం నోళ్ళలో నానిన మొదటి కుంభకోణం కూడా జీపులదే. కాశ్మీర్ యుద్ధం కోసం 1948లో లండన్‌లో మన హైకమిషనర్ వి.కె.కృష్ణ మీనన్ ద్వారా, వాడిన జీపుల్ని బాగుచేయించి కొనే ఒప్పందం ఒకటి జరిగింది. చేరినవి 155. అవి పనికిరావని సైన్యం పెదవి విరిచింది. పార్లమెంటులో గొడవై, చివరికి 1955లో ప్రభుత్వం ఆ ఫైలు మూసేసింది. ఎవరి తప్పెంత అన్నది పక్కన పెడితే, పాత జీపు కొనేవాళ్ళందరికీ అందులో ఓ పాఠముంది. బాగుచేశాం అన్న మాటని నమ్మకుండా, వంగి అడుగు చూడాలి.

1952 అక్టోబరు 2న సామూహికాభివృద్ధి పథకం మొదలయ్యాక జీపు పల్లెల్లోకి దిగింది. బీడీవో గారి జీపు, తాసీల్దారు జీపు, పోలీసు జీపు. మా పెద్దవాళ్ళకి ప్రభుత్వం అంటే ఓ జీపూ, వెనకాల లేచే దుమ్మూ. ఆ తర్వాత ఎలక్షన్ జీపు, మైకు జీపు. ప్రభుత్వాలు వాడేసిన బండ్లూ, సైన్యం వేలం వేసిన డిస్పోజల్ బండ్లూ రైతుల చేతికీ కాంట్రాక్టర్ల చేతికీ వచ్చాయి.

వచ్చిన వెంటనే చెయ్యాల్సిన మొదటి పని రంగు మార్చడం. ఎందుకంటే మన దేశంలో ఆలివ్ గ్రీన్ బండి రక్షణ శాఖది తప్ప ఇంకెవరిదీ ఉండకూడదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఇదే చెప్తుంది. చూశారా తమాషా, జీపు పుట్టిన రంగు జీపుకి వేస్తే నేరం! సోషల్ మీడియాలో మిలట్రీ రంగేసి మీసం మెలేసే కుర్రాళ్ళకి ఈ సంగతి తెలుసో లేదో. ఇంకో మాట కూడా. ఆర్సీలో రంగు అనేది కూడా ఒక ఫీల్డు. ఏ రంగుకి మార్చినా ఆర్టీఓ ఆఫీసులో అది మార్పించుకోవాలి.

కాబట్టి నా జీపు అడుగున ఉన్న ఆకుపచ్చ అంటే సైన్యం. దానిమీద నీలం అంటే మా పెదనాన్న వేలంలో కొన్న రోజు. ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. "అప్పుడు షెడ్డు లేదు, సింగినాదం లేదు. మీ నాయనా నేనూ కలిసి పశువుల కొట్టం ముందు నిలబెట్టి, బ్రష్షుతో రెండు పూటల్లో ఏసేశాం. కిటికీలకి తెచ్చిన రంగే అది" అన్నాడు. నిజమే. వాటర్ పేపరుతో రుద్దుతుంటే ఆ నీలంలో బ్రష్షు గీతలు ఇప్పటికీ తెలుస్తున్నాయి. డ్రైవరు వైపు తలుపు దగ్గర గీతలు అడ్డంగా, అవతలి వైపు నిలువుగా. ఇద్దరన్నదమ్ములకీ పడని సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందే గానీ, ఇలా రేకు మీద కూడా రికార్డయి ఉంటుందనుకోలేదు.

ఆ కిటికీ రంగు వెనకాల కూడా పెద్ద కథే ఉంది. అసలు కార్లు పుట్టిన కొత్తల్లో రంగు వెయ్యడమంటే గుర్రబ్బండికి వేసినట్టే. అవిసె నూనె, వార్నిషు, బ్రష్షు. ఒక పూత ఆరాక ఇంకో పూత. ఒక్క కారుకి రెండు నుంచి నాలుగు వారాలు పట్టేది. హెన్రీ ఫోర్డు 1914 నుంచి 1925 దాకా మోడల్-టి కార్లన్నీ నలుపే చేశాడంటే అదేదో పంతం కాదు. తారు లాంటి పదార్థంతో చేసే ఆ నలుపు చవక, గట్టి, పొయ్యిలో పెట్టి కాల్చి ఆరబెట్టొచ్చు.

ఈ చిక్కుముడి విప్పింది యుద్ధం మందుగుండు. నైట్రోసెల్యులోజ్, అంటే నత్రికామ్లంలో నానేసిన పత్తి. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటాల్లోకి వెళ్ళిందదే. యుద్ధం ఆగిపోయాక డ్యూపాంట్ కంపెనీ దగ్గర దాన్ని చేసే సామర్థ్యం బోలెడు మిగిలిపోయింది. దాన్నే ద్రావకంలో కరిగించి రంగు కలిపి డ్యూకో అని పేరు పెట్టారు. జనరల్ మోటార్స్ వాళ్ళ 1924 మోడల్ ఓక్లాండ్ కారు మీద నీలం రంగులో వచ్చింది. వారాల పని గంటల్లోకి దిగింది. మన వడ్రంగులు ఇప్పటికీ బీరువా తలుపులకి డ్యూకో ఫినిషింగ్ అంటారే, ఆ మాట వందేళ్ళ నాటి ఆ డబ్బా మీదిదే. ఇలాంటి రంగుల్ని ఇంగ్లీషులో లాకర్ అంటారు, ఆ మాటకి మూలం మన లక్క. సంస్కృతంలో లాక్ష. లక్క ఇంటి లక్క, ఏటికొప్పాక బొమ్మల లక్క, పడమటి దేశాలన్నీ తిరిగి ఎన్సీ పెయింటయి మళ్ళీ మన షెడ్లకే చేరింది.

నా జీపు మీద తెల్లపొర ఈ ఎన్సీనే. కనిపెట్టడం చాలా తేలిక. దూదికి థిన్నర్ తడిపి రుద్దితే దూదికి రంగంటుకుంటే ఎన్సీ. ద్రావకం ఆవిరైపోవడమే దాని ఆరడం. మళ్ళీ ద్రావకం తగిలితే మళ్ళీ కరుగుతుంది. నీలం అలా కాదు, ఎంత రుద్దినా రాలేదు. అది సింథటిక్ ఎనామెల్. ఇందులో థిన్నర్ ఆవిరయ్యాక కూడా పని ఉంటుంది. లోపలున్న నూనె గాల్లో ఆక్సిజన్ తాగుతూ మెల్లగా గట్టిపడుతుంది. ఒకసారి ముదిరితే ఇంక వెనక్కి రాదు. ఈ రంగులకి ఆధారమైన ఆల్కిడ్ రెసిన్లు 1920ల్లో అమెరికాలో తయారయ్యాయి. బ్రష్షుతో వేసినా గీతలు సర్దుకుని నున్నగా పరుచుకుంటాయి కాబట్టి కంప్రెసర్ లేనివాడికి ఇదే దిక్కు.

మన దేశంలో పెద్ద ఎత్తున రంగులు చేసిన మొదటి ఫ్యాక్టరీ 1902లో హౌరాలో ఇంగ్లీషువాళ్ళు పెట్టిన షాలిమార్. రెండో ప్రపంచ యుద్ధంలో రంగుల దిగుమతి ఆగిపోయినప్పుడు, 1942లో బొంబాయిలో నలుగురు స్నేహితులు ఒక గ్యారేజీలో మొదలుపెట్టింది ఏషియన్ పెయింట్స్. 1954లో ఆర్.కె.లక్ష్మణ్ గీసిన గట్టు బొమ్మ, బ్రష్షు పట్టుకున్న ఆ అల్లరి పిల్లాడు, చిన్న ఊళ్ళ కొట్లకి కూడా చేరాడు. అంటే ఒక యుద్ధం జీపుని ఇచ్చింది, అదే యుద్ధం మనకి రంగు డబ్బానీ ఇచ్చింది. పశువుల కొట్టం ముందు మా నాన్నా పెదనాన్నా కలిపినవి ఈ రెండిటినే.

వాళ్ళ పని చూసి నవ్వొచ్చు గానీ, జీపు అసలు అలా వేసుకోవడానికే పుట్టిందని నాకనిపిస్తోంది. దాంట్లో వంపులు లేవు. మడ్‌గార్డులు బల్లపరుపు. నాలుగు బోల్టులు విప్పితే ఏ ముక్కకా ముక్క చేతిలోకి వస్తుంది. ఇంగ్లాండులో మారిస్ విల్క్స్ అనే ఆయన తన పొలంలో పాత విల్లీస్ జీపు తోలుతూనే ల్యాండ్ రోవర్ ఊహ చేశాడు. మొదటి నమూనా జీపు ఛాసిస్ మీదే కట్టాడు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో పెట్టారు. యుద్ధానంతరం ఉక్కు కరువు కాబట్టి అల్యూమినియం బాడీ. రంగు కూడా ఏది దొరికితే అది, మొదట్లో అన్నీ లేత ఆకుపచ్చే. 1968లో బ్రిటిష్ ఎస్‌ఏఎస్ దళం 72 ల్యాండ్ రోవర్లు తీసుకుని ఎడారి కోసం గులాబీ రంగు వేయించింది. వాటికి పింక్ పాంథర్ అని పేరు. తెల్లారగట్లా, పొద్దు గుంకేటప్పుడూ ఇసకలో ఆ రంగు కలిసిపోతుందట. ఇలాంటి బండికి రంగంటే అందం కాదు, అవసరం. అవసరం మారితే రంగు మారుతుంది, దొరికింది పూస్తారు. కాబట్టి ఒరిజినల్ రంగే ఉండాలని పట్టుబట్టేవాళ్ళని నేను గౌరవిస్తాను గానీ, ఏకీభవించను. జీపుకి ఒరిజినల్ అంటే మార్చుకుంటూ పోవడమే.

ఇక నా ఘనకార్యాలు. పని మొదలెట్టిన మొదటి శనివారం ఓ చిన్న గ్రైండరు కొని, ముక్కుకి కర్చీఫు కట్టుకుని, అపార్ట్‌మెంటు సెల్లార్లో పొడిపొడిగా గీకేశాను. మూడు గంటల్లో నేలంతా రంగు దుమ్ము. మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి పై ఫ్లాటు వాళ్ళ నాలుగేళ్ళ పాప ఆ దుమ్ములో కూర్చుని వేలితో ముగ్గేస్తోంది. వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపాను. ఎందుకు లేపానో కూడా అప్పటికి నాకు సరిగ్గా తెలీదు, మురికని అంతే. ఆ రాత్రి పాత రంగుల గురించి చదువుతుంటే ఒళ్ళు చల్లబడింది.

పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండేది. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల కోసం లెడ్ క్రోమేట్, తొందరగా ఆరడానికి ఇంకొంత సీసం. తుప్పు రాకుండా ఇనుముకి పూసిన రెడ్ లెడ్ అయితే అచ్చంగా సీసమే. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. మన దగ్గర నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకొచ్చాయి. పది లక్షల భాగాల్లో 90 మించకూడదని. అది కూడా ఇళ్ళకి వేసే రంగులకి. నా జీపు మీద పొరలన్నీ అంతకన్నా ముందువి. పిల్లల మెదడుకి సీసం చేసే చెరుపు తిరిగి బాగుపడేది కాదు. ఇంత మోతాదు దాకా పర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

మర్నాడు పొద్దున్నే ఆ పాప వాళ్ళమ్మకి విషయం ఉన్నదున్నట్టు చెప్పాను. దాచేస్తే బాగుండునన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. ఆవిడ కోప్పడింది, పడాల్సిందే. డాక్టర్ని అడిగి రక్తపరీక్ష చేయించారు, ఖర్చు నేను పెట్టుకున్నాను. ఫలితం ఫర్వాలేదన్నారు. అది వచ్చేదాకా ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదు. సెల్లారు మొత్తం చీపురు పట్టకుండా తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాను. జీపుని తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలోకి మార్చి, అక్కణ్ణుంచి అంతా తడిగీకుడే. వాటర్ పేపరు, బకెట్టు, కింద ప్లాస్టిక్ పట్టా, మంచి ఫిల్టరున్న మాస్కు. ఈ వాటర్ పేపరు కూడా 1921లో 3ఎం కంపెనీ తెచ్చిందే. షెడ్లలో రంగు దుమ్ము కార్మికుల ఊపిరి తీస్తోందని గమనించినవాళ్ళకి తడిగా రుద్దగలిగే కాగితం పెద్ద వరమైంది. వందేళ్ళ కిందటే ఉన్న పరిష్కారాన్ని చదవకుండా గ్రైండరు కొన్న ఇంజనీరుని నేను. నాలుగేళ్ళ తర్వాత అదే 3ఎంలో రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు, రెండు రంగుల కార్లు వేసే పెయింటర్లు అంటించిన కాగితం పీకితే రంగు కూడా ఊడొస్తోందని తిట్టుకోవడం విని మాస్కింగ్ టేపు కనిపెట్టాడు. యూజరు తిట్లు వింటే ఎంత లాభమో చూడండి.

రెండో ఘనకార్యం బానెట్టు మీద. తుప్పు గీకి, రెడాక్సైడు ప్రైమర్ కొట్టాను. (రెడాక్సైడు అంటే ఇనుప ఆక్సైడే, అరుగులకి పూసే జాజులో ఉన్నదే. తుప్పు రాకుండా తుప్పే పూస్తాం, ముల్లుని ముల్లుతో తీసినట్టు!) దానిమీద ఎనామెల్ వేశాను. మూడోరోజు చూస్తే మెరుపు చాల్లేదనిపించి, కంప్రెసర్ అద్దెకి తెచ్చి పైన ఎన్సీ కొట్టాను. పది నిమిషాల్లో బానెట్టంతా గేదె మెడలా ముడతలు! ఇంకా ముదరని ఎనామెల్ మీద ఘాటైన థిన్నర్ పడితే అది ఉబ్బి లేచిపోతుంది. మరి పెదనాన్న నీలం మీద తెల్ల ఎన్సీ ఎలా నిలిచింది? ఆ నీలానికి అప్పటికే ఏళ్ళ వయసు. ఆక్సిజన్ తాగి తాగి రాయైపోయింది. దేనిమీద ఏది అన్నది తెలుసుకోకుండా లైబ్రరీలు ఎక్కించినట్టే అయింది నా పని. మొత్తం గీకి మళ్ళీ మొదట్నుంచి.

అప్పుడే ఓ కొట్టాయన సలహా ఇచ్చాడు. "టూ-కే పీయూ కొట్టండి సార్, హార్డెనర్ కలుపుకునేది. అద్దంలా వస్తుంది." అదీ నిజమే, అందులో సందేహం లేదు. 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం మొదలుపెట్టిన పాలియురెథేన్ రసాయనం ఇవాళ్టి కార్ల మెరుపుకి ఆధారం. కానీ ఆ హార్డెనర్లో ఉండేవి ఐసోసైనేట్లు. 1984లో భోపాల్లో జనాన్ని చంపిన మిథైల్ ఐసోసైనేట్ వేరు, ఇది వేరు, ఇది అంత తేలిగ్గా ఆవిరయ్యేది కాదు. కుటుంబం మాత్రం ఒకటే. గన్నుతో కొట్టినప్పుడు కంటికి కనపడని తుంపరై గాల్లో ఉండిపోతుంది. పీల్చినవాడికి ఆస్తమా పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కాస్త తగిలినా చాలు, ఊపిరాడదు. బ్రిటన్లో వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకి ప్రధాన కారణాల్లో కార్ల పెయింటింగు ఒకటి. బయటి నుంచి గొట్టంలో గాలి వచ్చే ముసుగు తప్ప మామూలు మాస్కు దీనికి చాలదని అక్కడి నియమాలు.

మన షెడ్లలో ఆ కుర్రాళ్ళు ఏం కట్టుకుంటారు? కర్చీఫు. నాకు 65 వేలు ఎక్కువ అనిపించింది కదా, గాలి ముసుగూ, బూతూ పెట్టి, ఆ కుర్రాడికి సెలవూ జీతమూ సరిగ్గా ఇస్తే ఇంకెంతవుతుందో లెక్కేశాను. మనం చవక అనుకునేదాంట్లో చాలా భాగాన్ని ఎవరో తన ఊపిరితో కడుతున్నాడు. గ్రైండరు పట్టుకున్న రోజు నేను కూడా నా చవకని ఆ పాప ఖాతాలో రాయబోయాను. బడ్జెట్లో చేశాను అని గొప్పలు పోయేముందు, ఆ బడ్జెట్లో ఎవరెవరి వాటా లెక్కలోకి రాలేదో చూసుకోవాలి. షెడ్డుకి ఇవ్వొద్దని నేననడం లేదు. ఇచ్చేటప్పుడు ఆ కుర్రాడి మొహానికి ఏముందో ఒక్కసారి అడగండి, మాస్కు డబ్బులు మీరే ఇస్తానని చెప్పండి. మనం కోడ్ రివ్యూలో అడిగే ప్రశ్నల్లో సగం కూడా అక్కడ అడగం.

చివరికి నేను చేసింది పాతకాలం పనే. సింథటిక్ ఎనామెల్, మెత్తటి ఫోమ్ రోలరు, మూలలకి బ్రష్షు. రంగు బాగా పల్చన చేసుకుని, పల్చటి పూతలు ఆరు. ప్రతి రెండు పూతలకీ మధ్య బాగా ఆరనిచ్చి, తడి వాటర్ పేపరుతో రుద్దడం. తుంపర లేదు, కంప్రెసర్ లేదు. ఓపిక ఒక్కటే ఖర్చు. అసలు ఖర్చు పేపర్లూ, ప్రైమరూ, లప్పమూ, మాస్కూ అన్నీ కలిపి 11 వేల చిల్లర. పది అడుగుల దూరం నుంచి చూస్తే బ్రహ్మాండం. దగ్గరికొస్తే కమలాపండు తొక్కలా ఉంటుంది, కాబట్టి దగ్గరికి రాకండి :) గీకిన చెత్త బకెట్లు మాత్రం కాలువలో పారబొయ్యకుండా ఎండబెట్టి, మూటకట్టి, ప్రమాదకరమైన చెత్త అని రాసి విడిగా ఇచ్చాను.

రంగేమిటంటారా? మా ఆవిడ ఎరుపంది, నేను బూడిద రంగన్నాను. పెదనాన్నకి ఫోన్ చేస్తే, "నాదేముందిరా, నీ బండి నీ ఇష్టం" అని, ఫోన్ పెట్టేసేముందు, "ఆ నీలం అయితే దుమ్ము తొందరగా కనపడదు" అన్నాడు.

నీలమే వేశాను. ఆర్సీలో మార్పించడానికి వచ్చే వారం స్లాటు. డ్రైవరు వైపు తలుపు దగ్గర మాత్రం రోలరు అడ్డంగా తిప్పాను, అవతలి వైపు నిలువుగా.